ఆపరేషన్‌కి ముందు ఇచ్చే యాంటీబయాటిక్: రోగి, ఇంటివాళ్లు ఏం చూసుకోవాలి

ఆపరేషన్ తేదీ ఖాయమైందంటే ఇంట్లో అందరి టెన్షనూ మత్తు గురించీ కోత గురించీ ఉంటుంది. యాంటీబయాటిక్ సంగతి మాత్రం అంతా అయిపోయి ఇంటికి బయలుదేరేటప్పుడు గుర్తొస్తుంది. "డాక్టరుగారూ, మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి?" అని అడుగుతాం. చాలా ఆపరేషన్లలో ఆ ప్రశ్న వేసే వేళకి ఆ మందుతో ఉండే పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కోతకు ముందు సరైన సమయంలో పడిన ఇంజెక్షన్ చేసే మేలు, తర్వాత వారం పాటు మింగే మాత్రలు చేయలేవు. అందుకే మీరు అడగాల్సినవీ చెప్పాల్సినవీ చాలావరకు ఆపరేషన్‌కి ముందే ఉంటాయి. అవేమిటో వరసగా చెబుతాను. మందు పేరు, మోతాదు తేల్చేది మాత్రం మీ డాక్టరే.

మందు ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోండి

చర్మాన్ని ఎంత శుభ్రం చేసినా వెంట్రుకల కుదుళ్లలో కొన్ని సూక్ష్మజీవులు మిగిలే ఉంటాయి. కోత పడగానే వాటిలో కొన్ని లోపలికి చేరతాయి. వీటిలో ముఖ్యమైనది స్టెఫైలోకోకస్ ఆరియస్. పేగునో గర్భాశయాన్నో తెరిచే ఆపరేషన్ అయితే అక్కడ ఉండే సూక్ష్మజీవులు కూడా వీటికి తోడవుతాయి. అవి లోపలికి చేరే క్షణానికే రక్తంలోనూ, కోత పడే చోటి కండలోనూ మందు తగినంత ఉంటే వాటికి నిలదొక్కుకునే అవకాశం దొరకదు. ఒకసారి అవి స్థిరపడి పెరగడం మొదలుపెట్టాక ఇచ్చే మందు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల మీద చేసిన ప్రయోగాలను 1961లో ప్రచురించాడు. సూక్ష్మజీవులు చేరకముందే మందు ఇస్తే ఫలితం బాగుంది. ఆలస్యమైన కొద్దీ తగ్గుతూ వచ్చి, మూడు గంటల తర్వాత ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అయింది. ఆ తర్వాత 1992లో అమెరికాలో 2,847 మంది రోగులను గమనించిన అధ్యయనం వచ్చింది. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు పడినవాళ్లలో గాయం ఇన్‌ఫెక్షన్ 0.6 శాతం. కోత పెట్టి మూడు గంటలు దాటాక మందు మొదలైనవాళ్లలో 3.3 శాతం. అన్నిటికంటే ఎక్కువగా, 3.8 శాతం, కనిపించింది ఎవరిలో అంటే, రెండు గంటల కంటే ముందే మందు ఇచ్చేసినవాళ్లలో! మందు ఒంట్లో ఎంతోసేపు నిలవదు, కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తుంటాయి. "పొద్దున్నే వార్డులో ఇంజెక్షన్ చేసేశారు, ఇక పరవాలేదు" అనుకుని మధ్యాహ్నం దాకా థియేటర్ కోసం ఎదురుచూసే పరిస్థితి మంచిది కాదన్నమాట.

ఎక్కువ ఆపరేషన్లలో వాడే మందు సెఫజోలిన్. దాన్ని కోతకు ముందు గంటలోపు నరానికి ఇస్తారు. వాంకోమైసిన్ లాంటివి నెమ్మదిగా ఎక్కించాల్సినవి కాబట్టి రెండు గంటల ముందు నుంచి మొదలుపెడతారు.

మీ ఆపరేషన్‌కి ఇది అవసరమో కాదో అడగండి

అన్ని ఆపరేషన్లకూ అవసరం లేదు. చర్మం మీద చిన్న గడ్డ తీయడం లాంటి శుభ్రమైన, చిన్న ఆపరేషన్‌లో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశమే తక్కువ. ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండా, ముందుగా తేదీ పెట్టుకుని, లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా) పిత్తాశయం తీయించుకునే ఆరోగ్యవంతులకు కూడా సాధారణంగా అక్కర్లేదనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరోవైపు మోకీలు, తుంటి మార్పిడి, ఎముకకు ప్లేట్లు వేయడం, గుండె ఆపరేషన్లు, పెద్దపేగు ఆపరేషన్లు, గర్భాశయం తీసివేత, సిజేరియన్: వీటిలో తప్పనిసరి. ఒంట్లో లోహమో ప్లాస్టిక్కో పెడితే దాని మీద చేరిన సూక్ష్మజీవులను వదిలించడం మహా కష్టం, ఒక్కోసారి పెట్టినదాన్ని మళ్లీ తీసేయాల్సి వస్తుంది.

కంటి శుక్లం ఆపరేషన్‌ది వేరే దారి. అక్కడ నరానికి ఇంజెక్షన్ ఇవ్వరు. ఆపరేషన్ చివర కంటి లోపలే సెఫురాక్సిమ్ అనే మందు 1 మిల్లీగ్రాము ఇస్తారు. యూరప్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో దీనివల్ల కంటిలోపలి ఇన్‌ఫెక్షన్ దాదాపు అయిదో వంతుకు తగ్గింది.

డాక్టరు "మీకు అవసరం లేదు" అంటే అది నిర్లక్ష్యం అనుకోకండి. అవసరం లేనిచోట మందు ఇవ్వకపోవడం కూడా వైద్యమే.

ఎలర్జీ సంగతి తేల్చుకోండి

నా ఉద్దేశంలో రోగి చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. ఎవరూ తీరిగ్గా కూర్చుని చేయనిది కూడా ఇదే.

"నాకు పెన్సిలిన్ పడదు" అని చెప్పేవాళ్లు సుమారు పది మందిలో ఒకరు ఉంటారు. వాళ్లను సరిగ్గా పరీక్ష చేసి చూస్తే పదింట తొమ్మిది మందికి పెన్సిలిన్ బాగానే పడుతుంది. చిన్నప్పుడు జ్వరానికి మందు వేసినప్పుడు ఒంటి మీద దద్దుర్లు వచ్చి ఉంటాయి. అవి ఆ జ్వరం వల్లే వచ్చి ఉండొచ్చు. లేదా మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పి ఉంటుంది. ఇంకొందరికి నిజంగానే ఎలర్జీ ఉండి, ఏళ్లు గడిచేసరికి పోయి ఉంటుంది. ముద్ర మాత్రం అలాగే ఉండిపోతుంది.

దీనివల్ల నష్టం ఏమిటంటే, ఆ ముద్ర చూసి, పెన్సిలిన్‌కి దూరపు చుట్టమైన సెఫజోలిన్‌ను పక్కన పెట్టి వేరే మందు ఇస్తారు. ఆ రెండో మందు ఆపరేషన్ ఇన్‌ఫెక్షన్లను ఆపడంలో అంత బాగా పనిచేయదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెన్సిలిన్ ఎలర్జీ ఉందని రాయించుకున్నవాళ్లలో ఆపరేషన్ ఇన్‌ఫెక్షన్ అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. కారణం వేరే మందు వాడడమే. నిజానికి సెఫజోలిన్ నిర్మాణం పెన్సిలిన్ల కంటే తేడాగా ఉంటుంది కాబట్టి పెన్సిలిన్ పడనివాళ్లలో కూడా చాలామందికి దాన్ని ఇవ్వొచ్చు. గతంలో ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోవడం లాంటి తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్ల సంగతి వేరు.

అందుకని ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఏ మందు పడలేదు, ఎన్నేళ్ల కిందట, వేసుకున్న ఎంతసేపటికి, ఏం జరిగింది, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందా, ఆ తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందు వేసుకుంటే పడిందా. ఈ చివరి ప్రశ్నకు "పడింది" అని జవాబు వస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. పెద్దవాళ్లకి గుర్తు లేకపోతే ఇంట్లో మిగతావాళ్లని అడగండి. పాత చీటీలు ఉంటే తీసుకెళ్లండి. గొంతు వాయడం, ఆయాసం రావడం, బీపీ పడిపోవడం, నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేవడం వంటివి ఎప్పుడైనా జరిగి ఉంటే అది అసలైన ఎలర్జీ కావచ్చు. దాన్ని మాత్రం సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ, వార్డులో నర్సుకీ, అడిగినా అడగకపోయినా విడివిడిగా చెప్పండి. ఒకరికి చెబితే మిగతావాళ్లకి తెలిసిపోతుందని అనుకోవద్దు.

మిగతా వివరాలు దాచకుండా చెప్పండి

బరువు. ఇది మొహమాటపడే విషయం కాదు. సెఫజోలిన్ పెద్దవాళ్లకి సాధారణంగా 2 గ్రాములు ఇస్తారు, 120 కిలోలు, ఆపైన ఉంటే 3 గ్రాములు. బరువు సుమారుగా చెప్పి తక్కువ మోతాదు ఇప్పించుకోవడం కంటే వేయింగ్ మెషిన్ ఎక్కి చూపించడం మేలు.

కిడ్నీ జబ్బు ఉంటే చెప్పండి, కొన్ని యాంటీబయాటిక్స్ కిడ్నీల మీద భారం వేస్తాయి. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడుతుంటే చెప్పండి. మెట్రోనిడజోల్ లాంటి మందులు దాని ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీస్తాయి. ఈ మధ్య కొన్ని నెలల్లో యాంటీబయాటిక్ కోర్సు ఏదైనా వాడారా, ఆసుపత్రిలో ఉన్నారా, ఎప్పుడైనా ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి స్టెఫైలోకోకస్ ఉందని రిపోర్టు వచ్చిందా అన్నవి కూడా మందు ఎంపికను మార్చేస్తాయి.

గుండె ఆపరేషన్‌కీ కీళ్ల మార్పిడికీ ముందు కొన్నిచోట్ల ముక్కులో దూదిపుల్ల తిప్పి శాంపిల్ తీసుకుంటారు. స్టెఫైలోకోకస్ ఆరియస్ చాలామంది ముక్కులో ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. అది ఉందని తేలితే ముపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్ ముక్కులో రాయమంటారు, మామూలుగా రోజుకు రెండుసార్లు అయిదు రోజులు. కొద్దిపాటి పనే కదా అని మధ్యలో వదిలేయకండి.

జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, ఒంటి మీద ఎక్కడైనా సెగగడ్డ, చీముపట్టిన పన్ను ఉంటే ఆపరేషన్‌కి ముందే ఫోన్ చేసి చెప్పండి. వాయిదా పడుతుందేమోనని దాచుకునేవాళ్లు ఉన్నారు. ఒకచోట ఉన్న ఇన్‌ఫెక్షన్ రక్తం ద్వారా కొత్త కీలులోకి చేరితే వాయిదా కంటే పెద్ద కష్టం. అలాగని ఇంట్లో మిగిలిన మాత్రలు రెండు వేసుకుని వెళ్లడం అంతకంటే తప్పు. మందు మీద నిలబడగలిగే సూక్ష్మజీవులే మిగిలి, థియేటర్‌లో ఇచ్చే ఇంజెక్షన్ వాటి మీద పనిచేయకుండా పోవచ్చు.

పెద్దపేగు ఆపరేషన్ అయితే ఒక మినహాయింపు ఉంది. ముందు రోజు పేగు శుభ్రం కావడానికి ఇచ్చే ద్రావణంతో పాటు కొన్ని యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఇస్తారు. వాటిని చీటీలో రాసిన వేళకే వేసుకోవాలి. వాంతి అయి మాత్ర బయటికి వచ్చేస్తే ఊరుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

ముందు రాత్రి, ఆపరేషన్ రోజు పొద్దున

సబ్బుతో ఒళ్లంతా స్నానం చేయండి. మామూలు సబ్బు చాలు, ఆసుపత్రివాళ్లు ప్రత్యేకంగా ఏదైనా ఇస్తే అదే వాడండి. కోత పడే చోట ఇంట్లో రేజర్‌తో గీసుకోవద్దు. కంటికి కనిపించని గాట్లు పడి సూక్ష్మజీవులకి అవే తలుపులవుతాయి. వెంట్రుకలు అడ్డమైతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. వార్డులో ఎవరైనా రేజర్ పట్టుకొస్తే "క్లిప్పర్ లేదాండీ?" అని మర్యాదగా అడగవచ్చు.

మందు ఒక్కటే అన్నిటినీ ఆపలేదు కాబట్టి ఇంకో మూడు విషయాలు. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. షుగర్ ఉన్నా లేకపోయినా ఆపరేషన్ సమయంలో రక్తంలో గ్లూకోజ్ 200 దాటకుండా చూస్తారు, మీ వంతుగా ముందు వారాల్లో దాన్ని అదుపులోకి తెచ్చుకోండి. ఇక మూడోది చలి. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మంది మీద 1996లో వచ్చిన అధ్యయనంలో, ఒళ్లు వెచ్చగా ఉంచినవాళ్లలో గాయం ఇన్‌ఫెక్షన్ 6 శాతం ఉంటే, ఒళ్లు చల్లబడినవాళ్లలో 19 శాతం. కోత చుట్టూ రక్తం బాగా పారితేనే మందూ తెల్లకణాలూ అక్కడికి చేరేది. థియేటర్ బయట ఎదురుచూసేటప్పుడు చలేస్తే సర్దుకుపోకండి, దుప్పటి అడగండి.

థియేటర్‌లోకి వెళ్లే ముందు

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు గట్టిగా చదివి సరిచూసుకోవలసిన ప్రశ్నల్లో ఒకటి ఇది: "గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా?" అంటే లోపల ఎవరో ఒకరు దీన్ని అడగాలి. మీరు కూడా మత్తు డాక్టరు పలకరించడానికి వచ్చినప్పుడు "నాకు యాంటీబయాటిక్ ఉందాండీ? ఎప్పుడు ఇస్తారు?" అని ఒక్క మాట అడగండి. ఇంజెక్షన్ వార్డులోనే చేసేసి, తర్వాత థియేటర్ ఆలస్యమైతే ఆ విషయం కూడా వాళ్ల చెవిన వేయండి. మళ్లీ ఇవ్వాలో వద్దో వాళ్లు లెక్క చూసుకుంటారు.

సిజేరియన్ అయితే ఒకప్పుడు బిడ్డ బొడ్డుతాడు బిగించాక ఇచ్చేవారు, మందు బిడ్డకి వెళ్లకూడదని. కోతకు ముందే ఇస్తే తల్లికి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని తేలాక ఇప్పుడు ముందే ఇస్తున్నారు. మోకాలి ఆపరేషన్‌లో తొడకు పట్టీ బిగించి రక్తాన్ని ఆపుతారు కాబట్టి ఆ పట్టీ బిగించకముందే మందు పూర్తిగా ఎక్కి ఉండాలి.

లోపలికి వెళ్లాక మీ చేతిలో ఏమీ ఉండదు. ఆపరేషన్ చాలాసేపు సాగితే, సెఫజోలిన్ అయితే నాలుగు గంటలకి, మరో డోసు ఇస్తారు. ఒకటిన్నర లీటరు దాటి రక్తం పోయినా అంతే.

బయటికి వచ్చాక: ఆపేయడం

ఇక్కడే అందరికీ మనసు ఒప్పదు. కుట్లు పడ్డాయి, గాయం పచ్చిగా ఉంది, అలాంటప్పుడు మందు ఆపేయడమేమిటి అనిపిస్తుంది. మాత్రలు రాయకుండా పంపిస్తే "ఈ డాక్టరు సరిగ్గా చూడలేదు" అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ భయంతో రాసే డాక్టర్లూ ఉన్నారు, ఇది రెండు వైపులా ఉన్న బలహీనత.

శుభ్రంగా జరిగిన ఆపరేషన్‌లో కుట్లు వేయడం పూర్తయ్యాక ఇంకో డోసు అక్కర్లేదనీ, డ్రెయిన్ గొట్టం ఉన్నా అక్కర్లేదనీ అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2017లో చెప్పింది. ఆపరేషన్ తర్వాత కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలదీ అదే మాట. కొన్ని ఆపరేషన్లలో 24 గంటల వరకు ఇస్తారు. 2019లో 79,058 మంది రోగుల వివరాలతో వచ్చిన అధ్యయనంలో ఎక్కువ రోజులు మందు వాడినందువల్ల గాయం ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. రోజులు పెరిగిన కొద్దీ కిడ్నీ దెబ్బతినడం, క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే విరేచనాలు మాత్రం పెరిగాయి.

కాబట్టి డిశ్చార్జ్ చీటీలో యాంటీబయాటిక్ కనిపిస్తే అడగండి: "ఇది ఇన్‌ఫెక్షన్ రాకుండానా, ఉన్న ఇన్‌ఫెక్షన్‌కా?" ఈ ఒక్క ప్రశ్నతో చాలా తేలిపోతుంది. అపెండిక్స్ పగిలి కడుపులో చీము చేరినా, ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, ఆపరేషన్‌లో ఇన్‌ఫెక్షన్ కనబడినా ఇచ్చే మందు వైద్యం కిందకి వస్తుంది. దాన్ని చెప్పినన్ని రోజులు వాడాల్సిందే. ఇది చదివి ఆ కోర్సును సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రాకుండా ఉండటానికే అని చెబితే, "ఎన్ని రోజులు అవసరం? ఇప్పుడే ఆపొచ్చా?" అని అడగండి. మాట డాక్టరుదే, అడగడం మీ హక్కు.

ఇంట్లో గాయాన్ని కనిపెట్టుకోవడం

మాత్రలు లేవు కదా అని దిగులు పడేవాళ్లు ఆ శ్రద్ధను గాయం చూసుకోవడంలో పెట్టండి. రోజూ ఒకే వేళకి, మంచి వెలుతురులో, చేతులు కడుక్కుని చూడండి. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. కుట్ల అంచున సన్నటి ఎరుపు, మొదటి రోజుల్లో కొద్దిపాటి నొప్పి మామూలే. ఎరుపు రోజురోజుకీ విస్తరించడం, వేడి, వాపు, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, చీము, చెడు వాసన, కుట్లు విచ్చుకోవడం, జ్వరం ఉంటే ఆపరేషన్ చేసినవాళ్లకే చూపించండి. ఇవి ఎక్కువగా అయిదు నుంచి పది రోజుల మధ్య బయటపడతాయి, కానీ నెల రోజుల దాకా, లోపల కృత్రిమ కీలు కానీ ప్లేటు కానీ పెట్టి ఉంటే ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. మొదటి రెండు రోజుల్లోనే గాయం చూడటానికి మామూలుగా ఉండి నొప్పి భరించలేనంతగా ఉన్నా, చర్మం రంగు మారి గంటల్లో పాకుతున్నా, మనిషి మగతగా అయిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

గాయం మీద యాంటీబయాటిక్ పొడి చల్లడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం వద్దు. చెప్పిన డ్రెస్సింగ్ చాలు.

యాంటీబయాటిక్ పడ్డ తర్వాత కొన్ని వారాల వరకు, రోజుకు మూడు, అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు అవుతుంటే ఆపరేషన్ అయిన సంగతి, ఇచ్చిన మందు పేరు డాక్టరుకి చెప్పండి. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకండి. అందుకే డిశ్చార్జ్ అయ్యేటప్పుడు థియేటర్‌లో ఏ యాంటీబయాటిక్ ఇచ్చారో, అది పడిందో లేదో రాయించుకోండి. పడిందని రాసి ఉంటే తర్వాత ఇంకో ఆపరేషన్ వచ్చినప్పుడు ఎలర్జీ చర్చ అక్కర్లేదు.

గాయంలో చీము పట్టిందని తేలితే చాలాసార్లు ఒకటి రెండు కుట్లు విప్పి చీము బయటికి పంపడమే అసలు వైద్యం. దాంతో పాటు కొత్త యాంటీబయాటిక్ రాస్తుంటే, మొదటి డోసు పడకముందే చీమును కల్చర్ పరీక్షకి (అందులో ఏ సూక్ష్మజీవి ఉందో, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) పంపించారా అని అడగండి. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పుడు మందు మార్చాలో అక్కర్లేదో తేలుతుంది.